ఖుర్షీద్ ఆపా దసరా

కొత్త సర్వర్‌కు మొదటిసారి కరెంటు ఇచ్చినప్పుడు లోపలి ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా బుస్సుమని లేస్తాయి. పక్కన నిలబడ్డ మనిషి మాట కూడా వినిపించదు. కాసేపటికి ఆ హోరు దానంతటదే తగ్గి, ఎండాకాలం పక్కింట్లో తిరిగే కూలర్ చప్పుడంతకు దిగుతుంది. మొన్న మంచిర్యాలలో ఒక కాలేజీ వాళ్లకు సర్వర్ బిగించడానికి వెళ్లినప్పుడు మళ్లీ అదే హోరు విన్నాను. అది తగ్గగానే, అప్పటిదాకా చెవులు మూసుకుని గుమ్మంలో నిలబడ్డ ప్రిన్సిపాల్ గారు లోపలికి వచ్చి, "ఇగ అయిపోయినట్టే కదమ్మా?" అన్నారు. పాపం, ఆయన మామూలుగానే అడిగారు. నేను మాత్రం ఉలిక్కిపడి వెనక్కి చూశాను, ఆ మాట వింటే ఒంటికాలి మీద లేచే మనిషి వెనకాల ఉందేమోనని. ఉండదని తెలుసు. ఆమె పోయి ఏళ్లవుతోంది. అయినా చూశాను.

ఆమె పేరు ఖుర్షీద్. కరీంనగర్‌లో అందరూ ఆపా, అంటే అక్కా, అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచాను. టవర్ సర్కిల్ దగ్గర వాళ్ల అత్తగారింటి బట్టల దుకాణం ఉండేది. దాని మీది అంతస్తులో ఆపా ఆఫీసు. ఇంటి కోడలు కింద చీరలు చూపించకుండా పైన కంప్యూటర్లు విప్పుకుని కూర్చోవడం ఆ ఇంట్లో చాలాకాలం తగువుగా నడిచిందట. నేను చేరేనాటికి తగువు తీరిపోయింది. వాళ్ల మామగారే మెట్లెక్కి వచ్చి, "బేటీ, నా ఫోను మాట్లాడ్తలేదు" అని నిలబడేవారు. ఆపా పొట్టి మనిషి. ముక్కు మీద కోపం. దుపట్టా నడుముకు బిగించిందంటే ఎంత బరువైన సర్వర్‌నైనా ఒక వైపు తనే పట్టి లేపేది. పొద్దున తిడితే మధ్యాహ్నం తన టిఫిన్ డబ్బాలోని పుల్లటి ఖట్టీ దాల్ నా పళ్లెంలో వంచేది. "తిను బేటా, తిట్లు అరగాలె కదా" అనేది. ఆ దాల్ కోసమే నేను కొన్ని తిట్లు ఓర్చుకున్నానంటే అబద్ధం కాదు.

నేను గోదావరి ఒడ్డున బొగ్గుగనుల కాలనీలో పుట్టినదాన్ని. బాపు భూమి కింద పనిచేసేవాడు. డిగ్రీలో కంప్యూటర్లు చదివి, మార్కులు బాగా వచ్చి, ఆ మార్కుల బరువుతో మెడ కొంచెం వెనక్కి వాలిన రోజుల్లో ఆపా దగ్గర చేరాను. మా పని ఊళ్లలోని మిల్లులకు, దవాఖానాలకు, విత్తనాల కంపెనీలకు సర్వర్లు పెట్టి ఇవ్వడం. అదీ ఒక్క పెద్ద మిషన్‌లో అనేక కంప్యూటర్లు వేరువేరుగా బతికే పద్ధతిలో. ఒకదాంట్లో లెక్కలు, ఇంకోదాంట్లో కెమెరాలు, మరోదాంట్లో ఫైళ్లు. బయటికి కనిపించేది ఒకే డబ్బా. ఇది వినగానే కొందరు మమ్మల్ని అనుమానంగా చూసేవాళ్లు. ఆపా వాళ్లకు ఒకటే చెప్పేది. "ఇల్లు ఒక్కటే సేఠ్, లోపల పోర్షన్లు నాలుగు. ఒకరింట్ల లొల్లయితె పక్కోళ్లకు తెల్వొద్దు. నీళ్ల ట్యాంకు మాత్రం అందరిదొక్కటే. ఆ ట్యాంకు నేను చూసుకుంట." దీనికంటే సులువుగా ఆ సంగతి ఎవరూ చెప్పగా నేను వినలేదు.

నా మొదటి సర్వర్ ఒక విత్తనాల వ్యాపారిది. సీడీ పెట్టి, అడిగినవాటికి జవాబులిచ్చి, చివరికి నల్లటి తెర మీద తెల్లటి అక్షరాల్లో దాని చిరునామా కనబడగానే చేతులు దులుపుకున్నాను. "అయిపోయింది ఆపా" అన్నాను. ఆపా తల ఎత్తకుండానే, "ఏమైపోయింది?" అంది. ఇన్‌స్టాలేషన్ అన్నాను. "అంటే పెండ్లయింది. కాపురం ఎవరు చేస్తరు, మీ బాపునా?" అంది. వ్యాపారి ఫక్కున నవ్వాడు. నాకు చెవులు మండాయి. కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. అసలు పని అప్పుడు మొదలైంది.

ముందు దానికొక పేరు, ఎప్పటికీ మారని నంబరు ఇవ్వాలి. "ఇంటి నంబరు దినానికొకటి మారితె పోస్టుమాన్ ఏడికి వస్తడు?" అంది ఆపా. తర్వాత గడియారం సరిచేయాలి. దాని లోపలి గడియారం మన చేతి గడియారంతో కాదు, నెట్‌లో అందరూ నమ్మే గడియారంతో కలవాలి. టైము తప్పిన మిషన్ చెప్పే సాక్ష్యం పనికిరాదని ఆపా వాదన. తర్వాత అప్‌డేట్లు. మేం వాడే సాఫ్ట్‌వేరు చందా కట్టనక్కరలేని రకం. లోపలికి వెళ్లిన ప్రతిసారీ అది 'మీకు చందా లేదు' అని ఒక పెట్టె చూపించేది. "సలాం కొట్టి ముందుకు పో" అనేది ఆపా. కాని అప్‌డేట్లను చందాదారుల తలుపు దగ్గర కాకుండా అందరికీ తెరిచిన తలుపు దగ్గర తెచ్చుకొమ్మని దానికి చెప్పాలి. చెప్పకపోతే అది రోజూ మూసిన తలుపు కొట్టి, ఏమీ దొరకలేదని ఎర్రగా రాసుకుంటూ కూర్చుంటుంది. ఆ తర్వాత తాళంచెవులు. అన్ని గదులూ తీసే పెద్ద పాస్‌వర్డుతో రోజూ పని చేయకూడదు. దానిని దాచిపెట్టి, రోజువారీ పనికి వేరే పేరు తయారు చేసుకోవాలి. ఇవన్నీ చేసేసరికి మధ్యాహ్నం దాటింది. నాకు ఆకలికి కళ్లు తిరుగుతున్నాయి. "ఇప్పుడన్నా..." అని నోరు తెరిచాను. ఆపా నా వైపు చూసింది. నోరు మూసుకున్నాను.

ఆ ఏడే ఆదిలాబాద్‌లో ఒక చిన్న దవాఖాన పని వచ్చింది. రక్తంలో కణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు ఉన్న పిల్లలకు అక్కడ వైద్యం చేసేవాళ్లు. జైనూర్ వైపు గుట్టల్లోని గూడేల నుంచి తల్లులు పిల్లలను ఎత్తుకుని బస్సుల్లో వచ్చేవాళ్లు. దాన్ని నడిపేది డాక్టర్ సుజాత. సన్నగా, ఎప్పుడూ నిద్ర చాలనట్టు ఉండే మనిషి. ఆవిడ ఆ రోజు ఒక పాత కంప్యూటర్ ముందు మమ్మల్ని నిలబెట్టింది. దాంట్లోంచి ఉండుండి టిక్కుటిక్కుమని చప్పుడు వస్తోంది. "ఇది ఎప్పుడు పోతదో తెల్వదు మేడం. పిల్లల సంగతులన్నీ దీంట్లనే ఉన్నయి" అంది ఆపాతో. మాటిమాటికీ రక్తం ఎక్కించుకునే పిల్లలకు ఒక చిక్కు ఉంటుందట. గ్రూపు కలిసినా కొన్ని రక్తాలు వాళ్ల ఒంటికి పడవు. పడనిది ఎక్కితే ప్రాణం మీదికి వస్తుంది. ఏ పిల్లకు ఏది పడదో కనుక్కున్న వివరం ఆ కంప్యూటర్‌లోనే ఉంది. కాగితం మీద రాసి తల్లుల చేతికి ఇచ్చేవాళ్లు కూడా. ఆ కాగితాలు ఏమవుతాయో ఆ రోజే చూశాను. బెంచీ మీద కూర్చున్న భీంబాయి అనే తల్లి, ఒళ్లో కూతురు లచ్చును జోకొడుతూ, ముద్దయిపోయిన కాగితం ఒకటి నాకు చూపించింది. "వాగు దాటంగ తడిసింది బాయి. నీ మిషన్ల ఉన్నది గద, నా పిల్ల పేరు?" అంది. నేను చేసేది ఏమిటో, ఎవరికోసమో అప్పటిదాకా నాకెవరూ అలా అడిగి తెలియజెప్పలేదు.

కొత్త సర్వర్ పెట్టాం. పేరు, నంబరు, గడియారం, తాళాలు అన్నీ అయ్యాయి. పాత కంప్యూటర్‌లోని సరుకునంతా కొత్తదాంట్లో ఒక పోర్షన్‌లోకి దించాం. రికార్డులన్నీ దాచడానికి డిస్కుల పెట్టె ఒకటి పక్కనే పెట్టాం. వాటి నకళ్లు రోజూ వెళ్లి చేరడానికి ఇంకో పెట్టెను మందుల గదిలో పెట్టాం. డాక్టర్ గారి ముఖం వెలిగిపోయింది. "అయితే ఆ పాతది తీసి అవతల పారేయొచ్చు" అంది. ఆపా తల అడ్డంగా ఊపింది. "దసరా దాక రెండూ నడవాలె డాక్టరమ్మా. నర్సమ్మలు కొత్తదాంట్ల రాసిందే పాతదాంట్ల గూడ రాయాలె."

నర్సులు గొణిగారు. డాక్టర్ గారికి కోపం వచ్చింది. దసరాకు ఇంకా బోలెడు రోజులున్నాయి. "రెండేసి సార్లు రాయడానికి నా దగ్గర మనుషులు ఎక్కడున్నరు? దసరాకు, దీనికి సంబంధమేంది?" అంది. ఆపా "ఉన్నది" అని ఊరుకుంది. నాకూ పిచ్చి అనిపించింది. తిరుగు దారిలో ఇచ్చోడ దగ్గర చాయ్ కోసం జీపు ఆపినప్పుడు ఉండబట్టలేక అడిగాను. "ఆపా, మీకు దసరాతోని ఏం పని?"

ఆపా చాయ్ ఊదుకుంటూ చెప్పింది. కొత్తగా ఈ పనిలోకి వచ్చినప్పుడు ఒక బియ్యం మిల్లుకు సర్వర్ పెట్టిందట. దసరా నాడు మిల్లువాళ్లు అన్ని పనిముట్లకూ చేసినట్టే దానికీ పసుపు, కుంకుమ పెట్టి, బంతిపూల దండేసి, మెయిన్ స్విచ్ కిందికి దించేశారు. ఆయుధపూజ నాడు ఏ మిషన్‌నూ పని చేయించరు కదా. మర్నాడు మెయిన్ ఎత్తితే మర, మోటారు, త్రాసు అన్నీ తిరిగాయి. సర్వర్ లోపలి పోర్షన్లు మాత్రం ఒక్కటీ లేవలేదు. ఆపా పరుగున పోయి అక్కడి ముసలి ఫోర్‌మన్ మీద అరిచిందట. ఆయన ఏమీ కోపం తెచ్చుకోకుండా, "ఏడాదంత కష్టపడ్తది. ఒక్క దినం దానికి దమ్మియ్యొద్దా బిడ్డా?" అన్నాడట. "గాయన అన్నది నిజమే అనిపించింది స్వరూపా. ఒక్క దినం పండుకుంటె లేవనిదాన్ని నేనెట్ల వెట్టిచ్చిన? గప్పటిసంది నాకు దసరానే పరీక్ష. మిగతా దినాలల్ల మిషన్ ఆపుతనంటె ఏ సేఠ్ ఒప్పుకోడు. దసరా నాడు ఆళ్లే ఆపి దండేస్తరు. గా దినమే నేను పోయి ప్లగ్గు గుంజి చూస్త."

నాకు ఆ కథ నచ్చింది గాని, దాని అర్థం మెల్లగా తలకెక్కింది. అంటే పండుగ నాడు నేను కూడా పనికి రావాలి! జమ్మి ఆకు పట్టుకుని పెద్దవాళ్లకు మొక్కే రోజు, కొత్త చీర కట్టే రోజు. "ఆపా, మరి నా పండుగ?" అన్నాను. "నీ పండుగ నాడు నువ్వు రా. నా పండుగ నాడు మా ఇంటికి సేమియా తినేటందుకు రా. రెండు తీర్ల ఫాయిదా నీకే" అంది. పళ్లు నూరుకున్నాను. అమ్మకు (మేం అవ్వ అంటాం) ఫోనులో చెబితే, "గా తురకామెకున్న భక్తి నీకు లేకపాయె" అని నన్నే తిట్టింది. ఇంట్లోనూ న్యాయం దొరకలేదు.

ఆ దసరా నాడు పొద్దున్నే ఆదిలాబాద్ చేరాం. ఆపా పాతబస్టాండు దగ్గర బంతిపూల దండ తనే బేరమాడి కొన్నది. దవాఖానలో రోగులు తక్కువగా ఉన్నారు. భీంబాయి మాత్రం ఉంది. అంతకు ముందు రోజే లచ్చుకు రక్తం ఎక్కించారు. సర్వర్ గదిలో డాక్టర్ గారు కుంకుమ పెట్టి దండ వేశారు. ఆపా ఆ దండను కాస్త పక్కకు జరిపింది, గాలి పోయే రంధ్రాలు మూయకుండా. తర్వాత ప్లగ్గు వైపు చూపించి, "గుంజుండ్రి" అంది. డాక్టర్ గారు వెనక్కి తగ్గింది. "నేనా? మీరు చేయండి." "ఎవరి సామాను అండ్ల ఉన్నదో ఆళ్ల చెయ్యే గుంజాలె. నేను గుంజితె నా ధైర్నమైతది. మీకు ధైర్నం రావాలె గద" అంది ఆపా. డాక్టర్ గారు ముందుకు వంగింది. సర్వర్‌కూ డిస్కుల పెట్టెకూ కలిపి ఉన్న గోడ ప్లగ్గూ, కరెంటు పోతే ఆదుకునే బ్యాటరీ తీగా రెండూ లాగేసింది. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో పాత కంప్యూటర్ టిక్కుటిక్కుమంటూనే ఉంది, వేరే తీగ మీద.

కాసేపాగి ప్లగ్గు పెట్టించింది. హోరు లేచింది, తగ్గింది. తెర మీద సర్వర్ వచ్చింది. కెమెరాల పోర్షన్ లేచింది, మందుల లెక్కల పోర్షన్ లేచింది. పిల్లల రికార్డులది లేవలేదు. కరెంటు వస్తే తనంతట తనే లేవమని నేనే గుర్తు పెట్టాను. పెట్టినట్టు కనబడుతూనే ఉంది. అయినా అది లేవలేదు. డాక్టర్ గారి ముఖం తెల్లబోయింది. "ఇదేనా మీరు చేసింది? మూడు నెలలుగా మా వాళ్లు రెండేసి సార్లు రాస్తే వచ్చింది ఇదా?" అని గట్టిగానే అరిచింది. ఆపా మాత్రం తేలిగ్గా ఊపిరి వదిలింది. నాకైతే ఆమె సంతోషపడుతోందేమో అనిపించింది. "మంచిగైంది, ఇయ్యాలనే వడ్డది" అంది. "డాక్టరమ్మా, గిదే పంచాయితి వానకాలంల, మీరు సూది చేతవట్టుకుని పేరడిగినప్పుడు అయితె?"

ఆపా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కారణం దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. కరెంటు రాగానే సర్వర్ తొందరగా లేస్తోంది. రికార్డులు దాచిన డిస్కుల పెట్టె నెమ్మదిగా లేస్తోంది. పోర్షన్ లేచి తన సామాను కోసం చూసేసరికి పెట్టె ఇంకా నిద్రలో ఉంది. సామాను లేదనుకుని అది మళ్లీ పడుకుంది. "అన్నం ఉడకకముందే విస్తర్లేసి కూసున్నది" అని నవ్వి, ఆపా నన్ను కూర్చోబెట్టింది. ఏది ముందు లేవాలి, ఏది ఆగి లేవాలి, ఎంత ఆగాలి అన్నది నా చేతనే రాయించింది. మళ్లీ డాక్టర్ గారి చేత ప్లగ్గు లాగించింది. ఈసారి అన్నీ లేచాయి. అక్కడితో వదల్లేదు. పిల్లల రికార్డుల పోర్షన్‌ను మొత్తంగా చెరిపించి, మందుల గదిలోని నకలు నుంచి మళ్లీ తెప్పించింది. ఇదే పని మూలనున్న ఒక మామూలు కంప్యూటర్ మీద కూడా చేసి చూపమంది. "సర్వరే కాలిపోతె?" అంది. రికార్డులు తిరిగి వచ్చాక డాక్టర్ గారు లచ్చు పేరు కొట్టి చూసింది. ఉంది. ఏది పడదో కూడా ఉంది. అప్పుడు ఆవిడ వెళ్లి, పాత కంప్యూటర్‌కు తన చేతులతో కుంకుమ బొట్టు పెట్టి, ఆపేసింది.

ఆ తర్వాత ప్రతి దసరాకూ అదే తంతు. కొన్నేళ్లు ఏమీ బయటపడేది కాదు. అప్పుడు నేను, "చూసిండ్రా ఆపా, ఉత్తగనే వచ్చినం" అనేదాన్ని. ఆపా, "ఉత్తగ అయితెనే పండుగ బిడ్డా" అనేది. ఆమె చెప్పినవన్నీ సరైనవే అనను. కొత్త పద్ధతులంటే ఆమెకు మొండి అనుమానం. దూరంగా ఎక్కడో నెట్‌లో నకలు దాచుకుందామని నేను ఎంత పోరినా, "కండ్లకు కనవడని పెట్టెను నమ్మ" అని ఏళ్ల తరబడి అడ్డం పడింది. నా పనిని నమ్మడానికీ అంతే ఆలస్యం చేసింది. ఒకసారి నా తప్పు లేకుండానే ఒక మిల్లు సేఠ్ ముందు నన్ను కడిగేసింది. తప్పు సేఠ్ మనిషిదని తర్వాత తెలిసింది. మాటతో క్షమాపణ అడగలేదు. మర్నాడు డబ్బా నిండా బగారా బైంగన్ తెచ్చి నా ముందు పెట్టి, అది అయిపోయేదాకా అక్కడి నుంచి కదల్లేదు. కోపం పోయిందని నేను ఒప్పుకున్నాకే లేచింది.

తర్వాత ఆపాకు కిడ్నీల జబ్బు వచ్చింది. దూరం తిరిగే పనులన్నీ నా మీద పడ్డాయి. ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం నేను ఇచ్చోడలో ఒక పత్తి మిల్లు పనిలో ఉండగా గాలిదుమారం లేచింది. ఉరుములు, పిడుగులు. కాసేపటికి డాక్టర్ గారి ఫోను. దవాఖాన పక్క స్తంభం మీద పిడుగు పడింది, సర్వర్ కాలిన వాసన వస్తోంది. "లచ్చు పొద్దున వచ్చింది స్వరూపా. ఒంట్లో రక్తం లేదు. ఎక్కించక తప్పదు. దాని వివరం కావాలి" అంది. వచ్చేదారి పొడుగునా రోడ్డు మీద కొమ్మలు విరిగిపడి ఉన్నాయి. నా చేతులకు ఏం చేయాలో తెలుసు. దవాఖాన గుమ్మంలో భీంబాయి నా చేయి పట్టుకుంది. "మిషన్ కాలిందంటున్నరు బాయి. నా పిల్ల పేరు పోయిందా?" అంది. పోలేదని అనలేదు నేను. చూసి చెబుతానని కూడా అనలేదు. "నువ్వు పిల్ల దగ్గర కూసో" అని లోపలికి వెళ్లాను. మందుల గదిలోని పెట్టె బతికే ఉంది. మూలనున్న మామూలు కంప్యూటర్ మీద, ఏటా దసరా నాడు చేసినట్టే, నకలును తెరిచాను. అదేమీ గొప్ప పని కాదు, చేసీ చేసీ అరిగిపోయిన పని. తెర వెలిగింది. డాక్టర్ గారు నా భుజం మీంచి వంగి చదువుకుని, పడే రక్తం కోసం మనిషిని పంపింది. నేను బయటికి వచ్చి భీంబాయితో, "పోలే. ఉన్నది" అన్నాను. ఆమె నేల మీద కూర్చుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు.

లచ్చు తేరుకున్నాక ఆపాకు ఫోను చేశాను. మెచ్చుకుంటుందని ఆశ. అంతా విని, "కొత్త సర్వర్ వెట్టినవా?" అంది. పెట్టానన్నాను. "దానికి దసరా చేసినవా?" "ఆపా, ఇది ఎండాకాలం!" "గా సంగతి దానికెరుకనా?" అంది. గొంతులో బలం లేదు, వెటకారం మాత్రం అలాగే ఉంది. నవ్వుకుంటూ వెళ్లి, ఆ ఎండల్లోనే కొత్తదానికి దసరా చేసి వచ్చాను. ఆ వానాకాలం ఆపా పోయింది. ఆ రోజు టవర్ సర్కిల్‌లో దుకాణాల వాళ్లు చాలామంది షట్టర్లు దించారు. మా అవ్వ కాలనీ నుంచి బస్సులో వచ్చి, నా పక్కన కూర్చుని, నా వీపు నిమిరింది. నాకు ఆపా అమ్మలాంటిది అనను. అమ్మ నాకుంది. ఆపా ఆపాయే. ఆమెను నేను ఎంత ప్రేమించానో ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు, ఆమె చెప్పనిచ్చే మనిషి కాదు.

ఆమె లేని మొదటి దసరాకు ఆదిలాబాద్ వెళ్లాను. డాక్టర్ గారు దండ వేసి, "ఈసారికి వద్దులే స్వరూపా. ఖుర్షీద్ గారు లేరు. ఏమన్నా అయితే మనిద్దరమే" అంది. నిజం చెప్పాలంటే నాకూ అదే అనిపించింది. అప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ లచ్చు లోపలికి వచ్చింది. అప్పటికి అది ఇంటర్ చదువుతోంది. పొడుగ్గా, బక్కగా, చెవులకు కొత్త కమ్మలతో ఉంది. "నేను గుంజుత అక్కా. అండ్ల నా సామానే గద ఉన్నది" అంది. డాక్టర్ గారు నా వైపు చూసింది. నేను పక్కకు జరిగాను. లచ్చు వంగి, రెండు తీగలూ లాగేసింది. నిశ్శబ్దంలో లచ్చు ఊపిరి వినబడింది. ప్లగ్గు పెట్టింది. హోరు, తర్వాత మెత్తని చప్పుడు. డిస్కుల పెట్టె లేచేదాకా అందరం ఆగాం. ఆ పిల్లే కుర్చీ లాక్కుని తన పేరు కొట్టింది. తనకు ఏ రక్తం పడదో తెర మీద తనే చదువుకుంది, పెదవులు కదుపుతూ, నెమ్మదిగా.

ఇప్పుడు నేను ఎక్కడ సర్వర్ పెట్టినా ప్లగ్గు వాళ్ల చేతే తీయిస్తాను. మంచిర్యాల ప్రిన్సిపాల్ గారి చేత కూడా తీయించాను. ఆయన చెమటలు తుడుచుకుంటూ తీశారు. ఇన్నేళ్లయినా ఆ నల్లటి తెర ముందు నిలబడ్డంతసేపూ నాకు ఆపా మీద ఒళ్లు మండుతుంది, ఇంత భయం నాకంటగట్టి తను హాయిగా పోయినందుకు. తెర వెలగగానే ఆమెతో చెప్పాలని చేయి ఫోను మీదికి పోతుంది. చెప్పడానికి ఆమె లేదు. అందుకని పక్కనున్నవాళ్లకే చెబుతాను: "లేచింది. మీ సామాను మీరు చూసుకోండి."